బావ కోటుకు పట్టిన ఉండలు

నంద్యాలలో ఉన్ని కోటు అవసరమైన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన మా బావ, అంటే మా అక్క మొగుడు. రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం. చలికాలంలో రాత్రి బండెక్కి నల్లమల అడవి దాటి అవతలికి పోయి, పొద్దున ఇంకో బండికి తిరిగొచ్చేవాడు. ఆ చలికి తట్టుకోలేక తన పెండ్లికి కుట్టించుకున్న నల్ల కోటునే ఐదు చలికాలాలు ఒంటి మీద అరగదీశాడు. మిగతా నంద్యాలంతా మాఘమాసంలోనే విసనకర్రలు వెతుక్కునేది.

నేనప్పుడు అక్కావాళ్ళింట్లో ఉండి ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెబుతున్నాను. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు అది. నాకు ఇరవై నాలుగేళ్ళు. మూడు చొక్కాలు, మూడు పంచెలు, ఒక గొడుగు నా ఆస్తి. కోపం మాత్రం ఎంత కావాలంటే అంత ఉండేది. పిల్లలు ఎక్కం తప్పు చదివితే సుద్దముక్క నేలకేసి కొట్టేవాణ్ణి, మళ్ళీ ఆ ముక్కలు నేనే ఏరుకునేవాణ్ణి.

ఈ కోటు సంగతికి కొన్ని నెలల ముందు పరీక్షల పని మీద ఆళ్ళగడ్డకు పోయి వస్తున్నాను. బస్సు కదలబోతుండగా ఒక అమ్మాయి రోడ్డు మధ్యకొచ్చి నిలబడింది. బస్సులో ఒక ముసలామె ఉంది. ఆమె దిగాల్సిన చోట కాకుండా కండక్టరు ఇక్కడే దింపేస్తానంటున్నాడు.

"ఆమెను యాడ దింపాల్నో ఆడ దింపుతానని చెప్పు. అంతవరకూ బండి ఈన్నుంచి కదల్దు" అంది ఆ అమ్మాయి.

కండక్టరు కసిరాడు. డ్రైవరు హారన్ మోగించాడు. ఆమె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని బస్సు ముందు అట్లాగే నిలబడింది. చివరికి కండక్టరే దిగొచ్చి ఒప్పుకున్నాడు. బస్సులో అందరూ ఆలస్యమైందని గొణుక్కుంటున్నారు. నాకేమో ఆ బస్సు సాయంత్రం దాకా కదలకపోతే ఎంత బాగుండుననిపించింది. నంద్యాలలో దిగి ఇంటికెళ్ళి, చెప్పులైనా విడవకుండా అక్కతో అన్నాను, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని.

అక్క నాలుగు ఇండ్లలో విచారించింది. అమ్మాయి తండ్రి ఆళ్ళగడ్డలో పొలమున్న రైతు, మావాళ్ళే, అన్నీ కుదురుతాయి. ఒక్కటే చిక్కు. అప్పటికే రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. రెండుసార్లూ ఆ అమ్మాయే వద్దంది. ఎందుకు వద్దందో ఎవరికీ చెప్పలేదు. ఆమె తండ్రి కబురు కూడా అట్లాగే వచ్చింది: "గురువారం రాండి, చూసి పోండి. మా బిడ్డ ఒప్పుకుంటేనే పెండ్లి. నా చేతుల్లో ఏమీ లేదు."

అంటే నా బతుకంతా ఆ పిల్ల నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద ఉంది. ఆ మాట తలచుకుంటే చాలు, నాకు అన్నం సయించేది కాదు. అట్లాగని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడితే వదిలిపెట్టానని కాదు.

"పంచె, చొక్కాతో పోతే బడికి పోతాండావనుకుంటారు. మీ బావ కోటు ఏసుకో" అంది అక్క. ఆ రోజుల్లో పెండ్లికొడుకన్నాక కోటు ఉండాల్సిందే. ట్రంకుపెట్టెలోంచి కోటు తీసి ఎండలోకి తెచ్చి విదిలించి చూసింది. చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"రేయ్, దీనికి అమ్మోరు పోసిందేమిరా!"

నిజంగానే కోటు నిండా ఉండలు. మోచేతుల దగ్గర, చంకల కింద, టికెట్ల సంచి రాసుకునే నడుం పక్కన, కాలరు మీద, ఉన్ని నలిగి నలిగి ఆవగింజలంత, మిరియాలంత ఉండలు కట్టింది. దూరం నుంచి చూస్తే కోటు. దగ్గరికొస్తే జబ్బు.

బావ గడప దగ్గర నిలబడి మీసం కింద నవ్వుకుంటున్నాడు. "కోటిస్తానప్పా, నాదేం పోయింది. చిరిగిందంటే మాత్రం నా బదులు నువ్వే రాత్రి బండెక్కాల" అన్నాడు.

కోట్లు శుభ్రం చేసే కొట్టు కావాలంటే కర్నూలు పోవాలి. ఇచ్చినా వాళ్ళు పదిహేను రోజుల తర్వాత రమ్మంటారు. మాకున్నవి మూడు రోజులు. అందుకని ఏం చేసినా ఇంట్లోనే, ఇంట్లో ఉన్నవాటితోనే చేసుకోవాలని తీర్మానించాం.

మొదట గిల్లడం మొదలుపెట్టాం. వాకిట్లో మంచం మీద కోటు పరిచి, అక్క ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకున్నాం. బియ్యంలో రాళ్ళేరినట్లు ఏరుతూ కూర్చున్నాం. గంటసేపు గిల్లితే జానెడు జాగా కూడా తెమల్లేదు. నాకు ఒళ్ళు మండింది. మోచేతి దగ్గరున్న పెద్ద ఉండను పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఉండతోపాటు జానెడు పోగు ఊడి చేతికొచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"గిల్లొద్దురా సామీ! పోగులన్నీ గుంజి మీ బావ చేతికి ఉత్త దారమిస్తావా ఏంది?" అని అక్క నా చేతి మీద ఒక్కటేసింది.

అప్పుడు బావ పాత గడ్డం బ్లేడు గుర్తొచ్చింది. గూట్లో పడేసి ఉంది. ఇత్తడి చెంబును బోర్లించి, దాని మీద కోటు చెయ్యి బిగుతుగా తొడిగి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి, పై నుంచి కిందికి ఒకే వాటంగా గీశాను. చెబితే నమ్మరు. బొచ్చుతోపాటు ఉండలన్నీ చిన్న కుప్పగా రాలిపోయాయి. కింద నల్లటి గుడ్డ కొత్తదానిలా బయటపడింది. నేను "అక్కా!" అని అరిచిన అరుపుకు పక్కింటి కోళ్ళు గోడెక్కాయి.

ఇందులో కిటుకు చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. గుడ్డ వదులుగా ఉండకూడదు. బ్లేడును నిలబెట్టకూడదు. ఎదురు గీయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తనకు చాలా తెలివుందని అనుకోకూడదు. ఈ చివరిది నేను పాటించలేదు. ఆ సంగతి వస్తుంది.

ఒక చెయ్యి పూర్తయ్యేసరికి బ్లేడు మొద్దుబారింది. బావను కొత్తది అడిగితే, తన గడ్డానికే దిక్కులేదన్నాడు. దాంతో కోటు రెండు రకాలుగా తయారైంది. కుడిచెయ్యి పెండ్లికొడుకు, ఎడమచెయ్యి టికెట్ కలెక్టరు. దాన్ని తొడుక్కుని అద్దం ముందు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

మా పక్కింట్లో దూదేకుల అవ్వ ఉండేది. వాళ్ళింట్లో అందరికీ దూది ఏకి పరుపులు కుట్టడమే పని. బొచ్చు, నూగు, పోగు అనే విషయాల్లో ఆమెకు తెలియనిది లేదు. నా నవ్వు విని గోడ మీదుగా తొంగి చూసి, కోటును చూసి, లోపలికెళ్ళి ఒక చెక్క దువ్వెన పట్టుకొచ్చింది. పేన్లు దువ్వే సన్న పళ్ళ దువ్వెన.

"ఎవురి తల్లోనూ పెట్టింది కాదులే నాయనా, కొత్తదే. ఇట్ల పడుకోబెట్టి కొంచెం కొంచెం కిందికి లాగు. ఉండ పళ్ళకు తగులుకుంటాది. తగులుకున్నదాన్ని కత్తెరతో పుటుక్కున కత్తిరించు. గుంజితే మాత్రం నీ చెవి గుంజుతా."

మరుసటి రోజు, బడి వదలగానే, అవ్వ కోటు వీపు పట్టుకుంది, నేను ఎడమచెయ్యి పట్టుకున్నాను, అక్క కాలరు పట్టుకుంది. కోటుకు పేన్లు చూస్తున్నామని వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి నవ్వారు. నాకు కోపం రాలేదు. అంత సంతోషంగా ఉన్నాను. దువ్వెనకు ఉండ చిక్కుకోవడం, కత్తెర పుటుక్కుమనడం, అంతే, ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది. పొద్దు వాలేసరికి నిమ్మకాయంత నల్ల ఉన్ని పోగైంది. కోటు మీద ఒక్క ఉండ లేదు.

అక్కడితో ఆపి ఉంటే నేను మనిషినే.

దగ్గరగా చూస్తే కోటు మీద ఇంకా సన్నగా నూగు లేచి ఉంది. అదేమిటని అవ్వను అడిగాను. "అది ఉన్ని గుణం. మల్ల రాసుకుంటే మల్ల ఉండ కడ్తాది. గురువారం దాకా దాని జోలికి పోగాకు, సాలు" అని చెప్పి పోయింది.

మళ్ళీ ఉండ కడుతుందా! ఆ మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. ఆళ్ళగడ్డ దాకా బస్సులో కూర్చుంటాను. సీటుకు వీపు రాసుకుంటుంది. దిగేసరికి మళ్ళీ మొలిస్తే? ఆ పిల్ల వాటిని చూసి వద్దంటే? అప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. పాములపాడు పక్కన మా ఊళ్ళో కంబళ్ళు నేసేవాళ్ళు, నేసిన కంబడిని నేల మీద పరిచి చింతగింజల గంజి పట్టించేవారు. గంజి ఆరితే నూగంతా పడుకునేది. ఏళ్ళ తరబడి వాడినా ఉండ అనేది పట్టేది కాదు. కంబడీ ఉన్నే, కోటూ ఉన్నే. ఇంత చిన్న విషయం అవ్వకు తట్టలేదే అని జాలిపడ్డాను కూడా.

బుధవారం బడికి సెలవు పెట్టాను. అక్క అంగడికి పోయింది. రాత్రే నానబెట్టిన చింతగింజలు రుబ్బి, నీళ్ళు పోసి పొయ్యి మీద కాచాను. చిక్కగా ఉంటే బాగా పట్టుకుంటుందని ఇంకో రెండు గుప్పిళ్ళు వేశాను. కొబ్బరిపీచు ముంచి కోటుకు ముందూ వెనకా పూసి, మిద్దె మీద నాపరాళ్ళపైన ఎండకు ఆరేశాను. నూగంతా చెప్పినట్లు పడుకుంది. నా తెలివికి నేనే మురిసిపోతూ కింద కూర్చుని ఈల వేసుకున్నాను.

మధ్యాహ్నం తిరిగాక పైకెళ్ళి కోటు ఎత్తితే, అది ఎట్లా పరిచానో అట్లాగే వచ్చింది. మడత పడదు. వంగదు. భుజాలు పట్టుకుని కిందికి తెచ్చి పడసాలలో నేల మీద పెట్టాను. నిలబడింది. ఒట్టు, తనంత తానే నిలబడింది.

అప్పుడే అక్క వచ్చింది. వెలుగులోంచి వచ్చిందేమో, గడపలో ఆగి కొంగు సర్దుకుంది.

"ఎవురొచ్చినారురా?" అని నన్ను మెల్లగా అడిగింది.

"ఎవురూ రాలే. కోటు" అన్నాను.

అక్క కూరగాయల సంచి వదిలేసి, గోడకు ఆనుకుని జారిపోతూ కడుపు పట్టుకుని నవ్వింది. నాకు మొదట ఒళ్ళు మండి, తర్వాత నేనూ ఆగలేక, ఇద్దరం నేల మీద పడి దొర్లి నవ్వాం. బావ వచ్చాడు. కోటు ముందు గొంతుక్కూర్చుని, వేలి గణుపుతో దాని రొమ్ము మీద టక్ టక్ అని కొట్టి చూశాడు. "లోపల ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు.

అవ్వ మాత్రం నవ్వలేదు. "కంబడికి పెట్టే గంజి కోటుకు పెడ్తావా? పిల్లోళ్ళకు నువ్వేం చెప్తాండావ్ రా ఆడ?" అని తలకొట్టుకుంది. తడిపి ఉతికితే ముడుచుకుపోతుంది, పైగా తెల్లారేసరికి ఆరదు. అందుకని మోచేతులు, చంకల దగ్గర చేత్తో నలిపి నలిపి, కనీసం చేతులు వంగేటట్లు చేసింది.

గురువారం ముగ్గురం బస్సెక్కాం. అక్క దారి పొడుగునా చెబుతూనే ఉంది. "కోటు ఎవురిదని అడిగితే నీదే అను. ఎక్కువ మాట్లాడొద్దు. కోపం తెచ్చుకోవద్దు. నగొద్దు." నేను అన్నిటికీ తలూపాను. మెడ ఒక్కటే బాగా ఊగుతోంది మరి.

ఎండ ముదిరింది. లోపల చెమట పట్టింది. చెమటకు గంజి మెత్తబడింది. మెత్తబడి వాసన మొదలైంది. గొడ్లకు చింతగింజలు కాచి పోసిన తొట్టి దగ్గర ఏ వాసన వస్తుందో అదే. పక్కనున్నాయన నన్ను ఒకసారి చూసి కిటికీ వైపు జరిగాడు. ఆళ్ళగడ్డలో దిగి నడుస్తుంటే రెండు మేకలు మా వెంటపడ్డాయి. బావ వెనక్కి తిరిగి, టికెట్ లేనివాళ్ళను దింపే గొంతుతో "ఏయ్, దిగు!" అని అరిచాడు. మేకలు ఆగలేదు. వాళ్ళింటి వాకిలి దాకా సాగనంపాయి.

అమ్మాయి తండ్రి ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చి, వసారాలో మంచం వాల్చాడు. నేను ఒక కొసన కూర్చున్నాను. నా వీపు వెనక నడుమెత్తు గోడ, గోడ అవతల గొడ్ల కొట్టం. అది నేను చూసుకోలేదు. తలుపు వైపే చూస్తున్నాను.

అమ్మాయి ఉగ్గాని, బజ్జీల పళ్ళేలు పట్టుకుని బయటికొచ్చింది. ఆమే. బస్సుకు అడ్డం నిలబడిన ఆమే. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే బిగుసుకున్న కోటు లోపల అది నాకు వినబడింది. పళ్ళెం అందుకుని ఒక బజ్జీ నోట్లో పెట్టుకున్నాను. ఇంతలో వెనక నుంచి ఎవరో నా కోటును మెల్లగా లాగారు. సరిగ్గా కూర్చోమని బావ సైగ చేస్తున్నాడనుకున్నాను.

"సరిగ్గానే కూర్చున్నా బావా" అన్నాను, పళ్ళ మధ్య నుంచి.

"నేనేం చేసినానప్పా?" అన్నాడు బావ, మంచం ఆ కొస నుంచి.

ఈసారి వీపు మీద, నడుం నుంచి మెడ దాకా, వెచ్చగా, గరుకుగా, సర్రుమని ఏదో పోయింది. తిరిగి చూద్దును కదా, గోడ మీదుగా ఇంత పొడుగు మెడ చాపి, మా కాబోయే మామ గారి ఎద్దు నన్ను నాకుతోంది! కళ్ళు మూసుకుని మరీ నాకుతోంది. నేను లేవబోతే కోటు అంచు నోట్లో పట్టుకుని మళ్ళీ కూలేసింది.

అమ్మాయి పెదవి కొరుక్కుని చూసింది, ఆగలేకపోయింది. పకపకా నవ్వింది. ఆమె నవ్వేసరికి అక్క నవ్వింది, బావ నవ్వాడు, బజ్జీ గొంతుకు అడ్డం పడి నేను దగ్గాను. తండ్రి "హేయ్, హేయ్" అని లేచేలోపల ఆమే వచ్చి ఎద్దు ముక్కుతాడు పట్టుకుని కోటు విడిపించింది. వేళ్ళకు అంటుకున్నదాన్ని వాసన చూసింది.

"నాయనా, చింతగింజల గంజి! కోటుకు గంజి పెట్టుకొచ్చినారు!"

తర్వాత నవ్వు ఆపి నా వైపు తిరిగి సూటిగా చూసింది. "అయ్యవారూ, ఈ కోటు మీదేనా?"

అక్క నా వైపు కళ్ళు పెద్దవి చేసింది. "నాదే" అనడానికి నోరు తెరిచాను. తెరిచాక నాకు నా మీదే చెప్పలేనంత కోపం వచ్చింది. ఎద్దుకు కూడా తెలిసిపోయిన సంగతిని ఈ పిల్ల దగ్గర ఏమని దాచాలి?

"కాదు" అన్నాను. "మా బావది. నాకు కోటు లేదు. దీని నిండా ఉండలుంటే గిల్లినా. బ్లేడుతో గీసినా. పేన్ల దువ్వెనతో దువ్వినా. అవ్వ వద్దంటాన్నా ఇనకుండా గంజి పెట్టినా. మూడు దినాల నుంచి నాకు ఇదే పని. మీరు బస్సుకు అడ్డం నిలబడినారే, ఆ బస్సులో నేనుండా. మీరు వద్దంటారేమోనని బయంతో చేసినా. ఇంక మీ ఇష్టం."

అంత పొడుగు మాట నేను బడిలో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

తండ్రి గడ్డం రుద్దుకున్నాడు. "అరువు కోటుతో పిల్లను చూసేదానికొచ్చినావా అప్పా?"

"ఔ."

ఆయన అక్క వైపు తిరిగాడు. "సరేమ్మా. మేం ఆలోచించి కబురు పంపిస్తాం."

ఆ మాటకు అర్థమేమిటో ఆ కాలంలో అందరికీ తెలుసు. అక్క తల దించుకుని లేచింది. బావ లేచాడు. నేను కోటు విప్పి బావ చేతికిచ్చి, చెమటకు తడిసిన చొక్కాతో నిలబడ్డాను. ఏడుస్తానేమోనని భయమేసి గొడ్ల కొట్టం వైపు చూశాను.

"ఆగు నాయనా" అంది ఆ అమ్మాయి.

మేమంతా ఆగాం.

"ముందొచ్చిన ఇద్దరినీ పొలం ఎంతుందని అడిగినా. ఇద్దరూ గొప్పగా చెప్పినారు. తర్వాత ఊళ్ళో కనుక్కుంటే ఒక్కరు చెప్పిన పొలమూ నిజం కాదు. ఈయప్ప ఒంటిమీద ఏసుకున్న కోటే తనది కాదంటాండాడు. నాకు ఈయప్ప సాలు."

తండ్రి అక్క చేతిలోని సంచి తీసుకుని మళ్ళీ మంచం మీద పెట్టాడు. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను వాకిట్లో మొద్దులా నిలబడిపోయాను.

ఆ అమ్మాయి నా పళ్ళెం తీసి నా చేతిలో పెట్టింది.

"కూర్చోని తినండి. బజ్జీ సల్లారిపోతాంది" అంది.